నోరు విప్పకుండా ఆడే ఆట

పోయిన ఆదివారం మా మేనకోడలు నన్ను తార్నాక చౌరస్తాకు దగ్గర్లో ఒక మేడ మీది దుకాణానికి లాక్కెళ్ళింది. దాని ఆఫీసులో ఎవరికో కొత్తగా పెళ్ళయిందట, ఆ జంటకు ఏదైనా ఆట బహుమతిగా ఇవ్వాలనుకున్నారట, ఆటల సంగతి మా అత్తకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని అక్కడ గొప్పలు చెప్పి వచ్చి, మోకాళ్ళ నొప్పులున్న మనిషినని కూడా చూడకుండా నన్ను ఆ మెట్లన్నీ ఎక్కించింది. పైకి వెళ్ళి చూద్దును కదా, నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలే, అన్నీ ఆటలే. మా కాలంలో క్యారంబోర్డు కావాలంటే కోఠీకి బస్సెక్కాలి, తక్కినవి పుస్తకాల షాపులో ఒక మూల దుమ్ము కొట్టుకుని ఉండేవి. ఇక్కడ మాత్రం చీరలు పరిచినట్టు పెట్టెలు పరుస్తూ ఒక అమ్మాయి, ఇద్దరికా ఆంటీ, నలుగురైదుగురి గ్రూపుకా అని అడిగి, ఇద్దరికే అనగానే ఎర్ర పెట్టె ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. ఇందులో పావులు లేవు, పాచికలు లేవు, గెలుపోటములు కూడా లేవట. చీటీలుంటాయి, ఒక్కో చీటీ మీద ఒక్కో ప్రశ్న, భార్య అడిగితే భర్త చెప్పాలి, భర్త అడిగితే భార్య చెప్పాలి, అలా ఇద్దరూ మాట్లాడుకోవడమే ఆటట.

మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడానికి పెట్టె కొనుక్కోవాలా అని పైకే అనేశాను, నా నోటికి తాళం లేదని మా ఇంట్లో అందరికీ తెలిసిందే. ఆ పిల్ల నొచ్చుకోకుండా నవ్వి, అన్నిటికంటే ఇదే ఎక్కువ పోతుందాంటీ అంది. నేను పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను. ఎన్నో ఏళ్ళ కిందట ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చి సరిగ్గా దీనికి ఎదురు అడిగింది, ఇద్దరే ఆడుకునేది కావాలి, కానీ ఆడుతున్నంత సేపూ ఒక్క మాట కూడా మాట్లాడే అవసరం ఉండకూడదు అని. ఆ సంగతి మేనకోడలికి చెప్పబోయి ఊరుకున్నాను. దానికి చెప్పాలంటే ఆనాటి మన ఇళ్ళలో మొగుడూ పెళ్ళాలు ఎలా మాట్లాడుకునేవాళ్ళో ముందు ఒక పూట పాఠం చెప్పాలి. మీకైతే ఆ అవసరం లేదు, మీరూ నా ఈడువాళ్ళే కాబట్టి నేరుగా చెప్పేస్తాను.

తొంభైల మొదట్లో ప్రొద్దుటూరు దగ్గరి పల్లె నుంచి కొత్త పెళ్ళికూతురిగా నేను వచ్చి దిగింది యూనివర్సిటీ స్టాఫ్ క్వార్టర్సులో. మావారు అక్కడ లెక్చరర్. ఒక వరసలో కట్టిన పెంకుటిళ్ళు, ఎదురుగా వేపచెట్లు, గాలి ఇటు తిరిగితే సీతాఫల్‌మండి స్టేషన్లో ఆగిన రైలు కూత మా వంటింట్లోకి వినపడేది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కరెంటు పోవడం ఖాయం, అందుకని ఆ వేళకు అందరం మా పక్కింటి వరండాలో చేరేవాళ్ళం, ఆ వరండా అన్నిటికంటే పెద్దది. మూడు నాలుగు జంటలు, అప్పుడప్పుడు విద్యానగర్ నుంచి వచ్చే మా ఆడబిడ్డా వాళ్ళాయనా, అంతే మా గుంపు. ఏ రోజు ఏ ఆట ఆడాలో తేల్చే పని ఎలా వచ్చిందో గాని నా నెత్తిన పడింది. నాకదేమీ బరువుగా ఉండేది కాదు సుమా, ఆటలంటే చిన్నప్పటి నుంచీ నాకు పిచ్చి.

ఆట ఎంచడం అంత తేలికని అనుకోకండి. ముగ్గురే మిగిలితే చైనీస్ చెక్కర్ తియ్యాలి, నలుగురుంటే క్యారమ్స్, ఎండ బాగా ఉండి ఎవరికీ బుర్ర పనిచేయని రోజైతే వైకుంఠపాళి, వాన పట్టి ఇళ్ళకు పోలేని రోజైతే బిజినెస్సు. చదరంగం మాత్రం ఆ వరండా ఎక్కనిచ్చేదాన్ని కాదు, ఇద్దరు ఆడతారు, ఆరుగురు ఆవలిస్తారు. అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటుంది, భార్యాభర్తల్ని ఒకే పక్షాన కూర్చోబెట్టకూడదు. మా ఆడబిడ్డ వాళ్ళాయనతో కలిసి క్యారమ్స్ ఆడి ఎర్రకాయ పోగొట్టుకున్న రోజున ఆ గొడవ వాళ్ళతో పాటు విద్యానగర్ బస్సెక్కి, రాత్రి అన్నాల దగ్గర కూడా తెమల్లేదని విన్నాక ఆ నియమం పెట్టాను. అప్పటి నుంచి జంటల్ని విడగొట్టి కూర్చోబెట్టేదాన్ని, అందరూ మెచ్చుకునేవాళ్ళు. నా తెలివికి నేనూ మురిసిపోయేదాన్ని.

వరండా ఎవరిదో చెప్పలేదు కదూ. మావారి డిపార్టుమెంటుకు హెడ్డుగా ఉన్న పెద్దాయనది. జనగామ దగ్గరి పల్లె నుంచి పైకి వచ్చిన మనిషి, అందరూ పెద్దసారు అనేవాళ్ళు. ఆయన కారిడార్లో గొంతు సవరించుకుంటే చాలు, పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ గప్‌చిప్ అయిపోయేవాళ్ళని మావారు చెప్పేవారు. ఆయన భార్యను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. నాకు జొన్నరొట్టె తట్టడం దగ్గర్నుంచి హైదరాబాదు నీళ్ళలో కందిపప్పు ఉడికించడం దాకా నేర్పిన మనిషి ఆవిడే. పుట్టింటి మీద బెంగ పెట్టుకుని ఏడ్చిన ప్రతిసారీ కొంగుతో నా మొహం తుడిచిందీ ఆవిడే.

ఆ ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది. నేను వెళ్ళేసరికి పెద్దసారు పడక్కుర్చీలో పేపరు చదువుకుంటూ ఉంటారు, పెద్దమ్మ మూడడుగుల దూరంలో కూర్చుని కూర తరుగుతూ ఉంటుంది. నన్ను చూడగానే, సారుకు చెప్పు బిడ్డా, అన్నం సల్లారిపోతున్నది అంటుంది. నేను అటు తిరిగి, సార్, అన్నం చల్లారిపోతోందట అంటాను. ఆయన పేపరు దించకుండానే, మీ పెద్దమ్మకు చెప్పమ్మా, ఇంకో పది నిమిషాల్లో లేస్తాను అంటారు. నేను ఇటు తిరిగి అదీ చెబుతాను. నేను లేనప్పుడు వాళ్ళమ్మాయి చెప్పేది, ఆ పిల్ల కాలేజీకి పోతే పనిమనిషి చెప్పేది, ఎవరూ లేకపోతే వాకిట్లో పూలమ్మే ఆవిడ కూడా లోపలికి తొంగి చూసి చెప్పిపోయేది.

ఇది వినగానే మీకేమీ వింతగా తోచదని నాకు తెలుసు, నాకూ తోచలేదు. మా అమ్మ బతికినన్నాళ్ళూ మా నాన్నను పేరు పెట్టి పిలవలేదు సరికదా, ముఖాన చూసి ఒక మాట అన్నది నేను ఎరగను. ఏం చెప్పాలన్నా వాకిలి గడపకు చెప్పేది, వీధిలోంచి పిలవాలంటే మా అన్న పేరు పెట్టి పిలిచేది, ఇద్దరూ కలిసి వచ్చేవాళ్ళు. నేను మాత్రం తక్కువా, పాలు అయిపోయాయి, ఊరి నుంచి ఎవరో వస్తారట అంటూ పైకప్పుకు చెప్పి ఊరుకునేదాన్ని, మావారు పైకప్పుకే బదులు చెప్పేవారు. అందుకని పట్నంలో ఇంత పెద్ద ప్రొఫెసరు భార్య అయి ఉండి కూడా పెద్దమ్మ ఇంత మర్యాద పాటిస్తోందే అని నాకు గౌరవం పెరిగింది. మా అమ్మ ఒకసారి వచ్చి చూసి, నేర్చుకో తల్లీ అని నాకు బుద్ధి కూడా చెప్పి వెళ్ళింది.

ఒక ఆదివారం మా వరసలోకి కొత్తగా వచ్చిన లెక్చరర్ భార్య పచ్చీసు గుడ్డ తెచ్చింది. పచ్చీసులో ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు ఒక జట్టు, ఏ కాయ జరపాలో ఇద్దరూ కలిసి ఆలోచించుకోవాలి. నా నియమం తెలియక ఆ అమ్మాయి చీట్లు వేసింది, పెద్దసారూ పెద్దమ్మా ఒక జట్టులో పడ్డారు. గవ్వలు వేశాక పెద్దమ్మ నా వైపు తిరిగి, సారును అడుగు బిడ్డా, ఏ కాయ జరపాల్నో అంది. నేను అడిగాను, ఆయన నాకు చెప్పారు, నేను ఆమెకు చెప్పాను. ఆట మొత్తం అలాగే నడిచింది. వరండా అంతా పడీ పడీ నవ్వింది, అందరికంటే గట్టిగా నేను నవ్వాను. వాళ్ళిద్దరూ మాత్రం నవ్వలేదు. ఆ సంగతి చాలా తర్వాత గాని నాకు గుర్తుకు రాలేదు.

ఆ తర్వాతి ఏడాది, నేను ఆ ఇంటి పక్కకు వచ్చిన నాలుగో ఏట, వాళ్ళమ్మాయికి పెళ్ళయి వరంగల్ వెళ్ళిపోయింది. పెద్దసారు రిటైర్మెంటు కూడా దగ్గర పడింది. అంబర్‌పేటలో వాళ్ళు ఇల్లు కట్టుకుని ఉన్నారు, ఎండాకాలం సెలవులు అయ్యేలోగా క్వార్టర్సు ఖాళీ చేసి అక్కడికి వెళ్ళాలి. ఒక రోజు పొద్దున్నే, నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతుంటే, పెద్దమ్మ వచ్చి మా వాకిట్లో మెట్టు మీద కూర్చుంది. కాసేపు తనూ రాళ్ళు ఏరింది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

“నీకు ఆటలు మంచిగ ఎరుక గద బిడ్డా, ఇద్దరే ఆడుకునేది ఒకటి జూసిపెట్టు. నోరిప్పే పని మాత్రం ఉండొద్దు.”

సారుతో కలిసి మౌనవ్రతం పడుతున్నారా ఏమిటి పెద్దమ్మా అని నేను ఎగతాళి చేశాను. ఆవిడ రాళ్ళు ఏరుతూనే, వ్రతం కాదు, మేం మాట్లాడుకోక ఏండ్లాయె అంది. ఆకాశంలో మబ్బు పట్టింది అన్నంత మామూలుగా అంది. నా చేతిలో చేట అలాగే ఉండిపోయింది. ఏమన్నదో అర్థమయింది, కానీ బుర్రలోకి ఎక్కలేదు. మీటింగు, అన్నం, మందుబిళ్ళ, గొడుగు, నేను ఆ ఇంట్లో అటూ ఇటూ మోసిన ఒక్కో మాటా గుర్తొస్తూ ఉంటే, మర్యాద అనుకుని ఇన్నేళ్ళూ నేను మురిసిపోయింది దీన్ని చూసేనా అనిపించింది. పచ్చీసు నాడు వాళ్ళిద్దరూ నవ్వలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ వరసలో ఉన్న ఆడవాళ్ళం ఇంతమందిమి రోజూ ఆ గడప తొక్కాం, ఒక్కరికీ అనుమానం రాలేదు.

కారణం ఆవిడే చెప్పింది. వాళ్ళమ్మాయి ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఊళ్ళో పెద్దమ్మ తండ్రి పోయారని పొద్దున్నే డిపార్టుమెంటు ఆఫీసుకు ఫోనొచ్చింది. ఆ రోజు పెద్దసారు దగ్గర ఒక విద్యార్థికి పీహెచ్‌డీ పరీక్ష, ఎక్కడి నుంచో పెద్ద ప్రొఫెసరు వచ్చి కూర్చున్నాడు. ఇంట్లో చెబితే ఏడుపులూ హడావుడీ, ఇది ముగించుకుని సాయంత్రం నేనే దగ్గరుండి తీసుకుపోతాను అనుకుని ఆయన ఊరుకున్నారు. వాళ్ళు ఊరు చేరేసరికి చితి ఆరిపోయింది. నా తండ్రి మొకం నాకు జూడనియ్యలే బిడ్డా అంది పెద్దమ్మ. ముందు ఆవిడ దుఃఖంతో ఆయనతో మాట్లాడలేదు. ఆయన కూడా ఒక్కనాడు తప్పయిందని అనలేదు, కొన్నాళ్ళకు తనే సర్దుకుంటుందిలే అనుకున్నారు. నెలలయ్యాయి, ఏళ్ళయ్యాయి, ఇంటినిండా మనుషులు, మాట అటు చెప్పేవాళ్ళూ ఇటు చెప్పేవాళ్ళూ ఉన్నారు కాబట్టి సంసారం ఎక్కడా ఆగలేదు.

ఆవిడ భయమల్లా అంబర్‌పేట ఇల్లు. గాడ ఎవరున్నరు బిడ్డా, పిల్ల ఉండదు, నువ్వుండవు, పొద్దుందాక ఇద్దరం రెండు కుర్చీలల్ల కూసుండి గోడ జూస్తే పిచ్చి లేస్తది అంది. మరి మాట్లాడెయ్యరాదూ పెద్దమ్మా అన్నాను. ఏమని మాట్లాడాలె, మొదటి మాట ఏమనాల్నో నాకు తోస్తలేదు అంది. సరే, చూసిపెడతానని మాట ఇచ్చాను.

మావారికి చెబితే ఆయన నాకంటే ఎక్కువ అదిరిపోయారు. రోజూ ఆయనతో కలిసి టీ తాగుతాను, ఒక్క నాడూ తెలియలేదే అని చాలాసేపు గదిలో తిరిగారు. సారు చీకటి పడేదాకా డిపార్టుమెంటులోనే కూర్చునేది పని ఎక్కువై అని అందరం అనుకుంటున్నామే అన్నారు. తర్వాత ఆయనకొక ఉపాయం తోచింది, మాట్లాడక తప్పని ఆటే ఏదో తెచ్చి ఇచ్చెయ్, ఆడుతూ ఆడుతూ వాళ్ళే మాట కలుపుతారు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆవిడ నన్ను నమ్మి అడిగింది, అడిగిందే ఇవ్వాలి గాని ఆవిడను మాయ చేసి మాట్లాడించడానికి నేనెవరిని అన్నాను.

అయితే అడిగింది ఇవ్వడం మాటలు కాదని ఎంచడం మొదలుపెట్టాక గాని తెలియలేదు. ఒక శనివారం మావారూ నేనూ కోఠీకి వెళ్ళి షాపులన్నీ తిరిగాం. క్యారమ్స్ ఇద్దరు ఆడొచ్చు, కానీ కాయ అంచున ఆగితే పడిందా పడలేదా అని అడగాలి, పైగా ఆవిడ వేళ్ళకు నొప్పులు. బిజినెస్సు అంతా బేరాల ఆట. బారకట్ట వేసినా పందెం ఎంత పడిందో పైకి చెప్పాలి. చదరంగానికి మాట అక్కర్లేదు నిజమే, కానీ పెద్దసారు అందులో ఆరితేరినవారు, ఆవిడకు గుర్రమేదో ఏనుగేదో తెలియదు, రోజూ ఓడించి కూర్చోబెడితే ఉన్న గాయానికి ఇంకో గాయం. లూడో పిల్లలాట, పెద్దసారు ముట్టరు. నేను విసిగిపోయి బస్టాపులో నిలబడి ఉంటే, మా ఊరి బడి ముందర బండ మీద గీతలు చెక్కి ఉండే పులి-మేక ఆట గుర్తుకొచ్చింది. గొర్రెలు కాసేవాళ్ళు మధ్యాహ్నమంతా దాని మీద వంగి కూర్చునేవాళ్ళు, నోట్లో బీడీ ఆరిపోయినా ఎరిగేవాళ్ళు కాదు, మాటన్నది వినపడేది కాదు. ఆ ఆట ఏ షాపులోనూ అమ్మరు. ఉత్త చేతులతో బస్సెక్కి, దారి పొడుగునా నవ్వుకుంటూ వచ్చాను.

పాత పీట ఒకటి తీసి గీతలు నేను గీశాను, మావారు రంగు వేశారు. పులులకు మూడు గచ్చకాయలు, మేకలకు గుప్పెడు చింతగింజలు. మేకలు ఒక్కొక్కటిగా వచ్చి పీట మీద నిలబడతాయి, పులి ఎదుటి మేక మీదుగా దూకి దాన్ని చంపుతుంది, మేకలన్నీ కలిసి పులుల్ని ఎటూ కదలకుండా బంధిస్తే మేకలదే గెలుపు. అంతే ఆట. పెద్దమ్మ మేకలు తీసుకుంది. పెద్దసారుకు నేనే వెళ్ళి, పెద్దమ్మ ఒక ఆట నేర్చుకుంటోంది సార్, మీరు పులులు పట్టాలట అని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, వచ్చి పీట ముందు బాసిపట్టు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా అంత దగ్గర కూర్చోవడం నేను చూడలేదు.

మొదటి వారం పులులు మేకల్ని నమిలి పారేశాయి. పెద్దమ్మ ఊరుకునే మనిషా, వంట చేస్తూ కూడా నేల మీద బొగ్గుతో గీతలు గీసుకుని తనలో తనే ఆడుకునేది, అంచులు పట్టి మేకల్ని నడిపించడం నేర్చింది, రెండో వారానికి ఒక రోజు మూడు పులుల్నీ మూలకు నెట్టి కట్టేసింది. పెద్దసారు లేచి లోపలికి వెళ్ళి, మళ్ళీ వచ్చి, గింజలు తనే సర్ది పెట్టారు, అంటే ఇంకో ఆట అని. ఒకరి చేతి వంక ఒకరు చూసుకుంటూ, కనుబొమ్మలు ముడిచి, చెమట పట్టినా తుడుచుకోకుండా, కొట్లాటకు దిగినవాళ్ళలా ఆడేవాళ్ళు. సారు నాలుగింటికే ఇంటికి బయల్దేరుతున్నారని, డిపార్టుమెంటులో అందరూ ఆయన ఒంట్లో బాగోలేదేమో అనుకుంటున్నారని మావారు వచ్చి చెప్పారు. మాట మాత్రం లేదు. ఆట అవగానే మళ్ళీ, సారుకు చెప్పు బిడ్డా, చాయ్ పెట్టిన అని నాకే.

ఖాళీ చేసే రోజు దగ్గర పడింది, సామాను సగం మూటలు కట్టేశారు. ఆ రోజు మధ్యాహ్నం వరంగల్ నుంచి వాళ్ళమ్మాయి రాలేకపోతున్నానని కబురు చేసింది, పెద్దమ్మ దిగులు పడి అన్నం కూడా సరిగా తినలేదని నాకు తెలుసు. సాయంత్రం బొరుగులతో ఉగ్గాని చేసి పళ్ళెంలో పెట్టుకుని వాళ్ళింటికి బయల్దేరాను. ఇంకా మా వాకిలి దాటలేదు, లోపల్నుంచి పెద్దమ్మ గొంతు ఖంగుమని వినిపించింది. ఆవిడ అంత గట్టిగా అరవగా నేను ఎప్పుడూ వినలేదు. సారుకేదో అయిందనుకుని పళ్ళెంతో సహా పరుగెత్తాను.

“ఏంది నువ్వు, తొండి ఆడుతున్నవ్? మేక నీ ముందట్నే ఉన్నది, దూకవేంది? నాకు బిచ్చమేస్తున్నవా?”

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆవిడ అరుస్తున్నది పెద్దసారు మీద, ఆయన ముఖంలోకి చూస్తూ, నువ్వు అని. భర్తను నువ్వు అనే ఆడమనిషిని నేను అప్పటిదాకా చూసి ఉండలేదు, ముందు దానికే నాకు దిమ్మ తిరిగింది. ఆవిడ దిగులుగా ఉందని ఆ పెద్దాయన కావాలని ఓడిపోబోయారు, ఆవిడకు అది కనపడింది, ఒళ్ళు మండింది, ఆ మంటలో ఏళ్ళ తరబడి పట్టిన పట్టు గుర్తు లేదు. పెద్దసారు గచ్చకాయ పట్టుకున్న చెయ్యి గాల్లో అలాగే ఆగిపోయి ఉంది. తర్వాత కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా పీట మీద రాలాయి. ఆ మనిషి ఏడుస్తారని ఎవరైనా చెప్పి ఉంటే నేను నవ్వి ఉండేదాన్ని.

అప్పుడు గాని పెద్దమ్మకు తను ఏం చేసిందో తెలియలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అటు చూసింది, ఇటు చూసింది, గుమ్మంలో నేను కనపడ్డాను. అలవాటు ఎంతపని చేస్తుందో చూడండి, ప్రాణం లేచి వచ్చినట్టు నా వైపు తిరిగి, సారుకు చెప్పు బిడ్డా, అని మొదలుపెట్టింది.

చెప్పను పెద్దమ్మా, మీరే చెప్పండి అన్నాను. నాకంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. అన్నాక, ఇప్పుడు ఈవిడ లేచి లోపలికి వెళ్ళిపోతే ఇక ఈ జన్మకు అంతే అనిపించింది. వాకిట్లో కాకి ఒకటి అరుస్తూనే ఉంది. పెద్దమ్మ నన్ను కోపంగా చూసింది, పీట మీద తడిని చూసింది, తల తిప్పి ఆయన్ని చూసింది.

“నీళ్ళు తాగుతవా?” అంది.

తాగుత అన్నారు పెద్దసారు.

నేను పళ్ళెం అక్కడే పెట్టి వచ్చేశాను. ఆ రోజు చెప్పి ఉండాల్సింది, తప్పయింది అని ఆ సాయంత్రమే ఆయన అన్నారని తర్వాత పెద్దమ్మ నాకు చెప్పింది, అంతకు మించి నేను అడగలేదు. మావారు వచ్చి చెప్పులు విప్పుతుంటే, రోజులాగే పైకప్పుకు చెప్పబోయి, భయం వేసి, ఎదురు వెళ్ళి ఆయన ముఖం చూసి, ఏమండీ, ఇంత ఆలస్యమైందేం అని అడిగాను. ఆయన చెప్పు చేత్తో పట్టుకుని బిత్తరపోయి, ఎవరికైనా ఏమైనా అయిందా అన్నారు. ఆ రోజు మొదలుపెట్టిన నోరు ఇప్పటిదాకా మూయలేదని ఇప్పుడు ఆయన ఫిర్యాదు.

అంబర్‌పేట వెళ్ళాక వాళ్ళు మాట్లాడుకున్నారు అంటే చాలదు, పోట్లాడుకున్నారు. కూరలో ఉప్పుకు, కిటికీ మూయడానికి, పులి దూకిన గీతకు, అన్నిటికీ. కింద అద్దెకున్నవాళ్ళు మాకు నిద్ర లేదని మొత్తుకుంటే పెద్దమ్మ నాకది గొప్పగా చెప్పేది. ఆ భాగ్యం ఎన్నాళ్ళో సాగలేదు. రెండేళ్ళు కూడా నిండకుండానే ఒక తెల్లవారుజామున పెద్దసారు గుండె ఆగి పోయారు. కర్మలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్ళాక నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ ఏడవలేదు. నా చెంప నిమిరి, నా కొత్తకాపురం రోజుల్లో తిట్టినట్టు ప్రేమగా తిట్టింది. నీకు ఆటలు గింత ఎరుకున్నయి గద బిడ్డా, ఓ నాలుగేండ్ల ముందుగాల తెస్తే నీ సొమ్మేం పోయేది అంది. నేను నవ్వబోయాను, నవ్వు రాలేదు.

ఆవిడా ఇప్పుడు లేదు. ఈమధ్య పనుండి ఆ క్వార్టర్ల వైపు వెళ్ళాను, పెంకుటిళ్ళు పోయి మేడలు లేచాయి, వరండాలకు ఇనుప గ్రిల్సు వచ్చాయి, ఎవరింట్లోకి ఎవరూ తొంగి చూడడం లేదు. మా మేనకోడలు మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది, పొద్దున అలిగితే మధ్యాహ్నానికల్లా వాడి మీద అరిచి మధ్యలో ఎవరూ లేకుండానే తేల్చుకుంటుంది. మొదట్లో నాకది మోటుగా అనిపించేది, ఇప్పుడు మాత్రం పక్క గదిలో కూర్చుని ఆ అరుపులు హాయిగా వింటాను. మేము నెమ్మదస్తులం, మర్యాదస్తులం, ఒకరి మాట ఇంకొకరికి చక్కగా, పొల్లుపోకుండా మోసుకుపోయేవాళ్ళం. అంత చక్కగా మోయకపోయి ఉంటే ఆ ఇద్దరికీ ఇంకో నాలుగేళ్ళ పోట్లాటలు దక్కేవి.